అప్పులవాడు అవిశ్వాసపాత్రుడా?

ప్రభుత్వము తన రహస్యములను ఎవరి చేతిలో పెట్టవలెనను ప్రశ్న రాజ్యములంత పాతది. పూర్వము రాజులు వంశమును జూచి, శీలమును జూచి, ప్రమాణము చేయించుకొని నమ్మెడివారు. నేటి అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ నమ్మకమునకు ఒక దరఖాస్తు, ఒక దర్యాప్తు, ఒక తీర్పు ఏర్పడియున్నవి. దానికి సెక్యూరిటీ క్లియరెన్సు అని పేరు. మనము దానిని భద్రతానుమతి యందము. కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని అందు మూడు మెట్లు కలవు. సైనికులకును, గూఢచార శాఖల యుద్యోగులకును మాత్రమేగాక, ప్రభుత్వమునకు ఆయుధములను, యంత్రములను, కంప్యూటరు పనులను సమకూర్చు కంట్రాక్టు కంపెనీలలోని లక్షలాది జనులకును ఈ అనుమతియే అన్నము పెట్టుచున్నది. అనుమతి పోయిన నాడు ఉద్యోగమును పోవును.

ఈ దూరదేశపు వ్యవహారము మన పఠన మందిరములలో చర్చింపదగినదా యని కొందరడుగవచ్చును. ఆ దేశమున తెలుగు మాట్లాడువారి సంఖ్య 2010 మొదలు 2017 వరకు 86 వంతుల చొప్పున నూటికి పెరిగినదని 2018లో ఒక పరిశీలన తెలిపినది. భద్రతానుమతి సామాన్యముగా ఆ దేశపు పౌరులకే లభించును. అచ్చట పౌరసత్వము పొందిన మనవారును, అచ్చటనే పుట్టిన వారి బిడ్డలును నేడు ఈ యుద్యోగములకు దరఖాస్తులు పెట్టుకొనుచున్నారు. వారిని అడుగు ప్రశ్నలలో ఒకటి మన గృహస్థుల నందరిని ఏదో యొకనాడు తాకిన ప్రశ్నయే: నీకు అప్పులెన్ని?

చిరకాలముగ ఈ దరఖాస్తు 86వ సంఖ్య గల ఫారముగా ప్రసిద్ధము. అందలి 26వ ప్రకరణమంతయు ధనవ్యవహారములకే కేటాయింపబడినది. గడచిన 7 సంవత్సరములలో దివాలా దరఖాస్తు పెట్టితివా? జూదమువలన చిక్కులలో పడితివా? ఆదాయపు పన్ను లెక్కలు దాఖలు చేయక మానితివా? ఏ అప్పునైనను గడువు దాటి 120 దినములు మించనిచ్చితివా? ఇతరుల అప్పునకు హామీదారువుగా సంతకము చేసిన బాకీ ఏదైన నిలిచియున్నదా? ఇట్లు ప్రశ్నలు సాగును. జవాబులను క్రెడిట్ రిపోర్టులతోడను, కోర్టు దస్త్రములతోడను సరిచూతురు. పూర్వము టాప్ సీక్రెట్ వారిని ఐదేండ్లకు, సీక్రెట్ వారిని పదేండ్లకు ఒకమారు తిరిగి విచారించెడివారు. ఇప్పుడు యంత్రముల సాయమున ఎడతెగని పరిశీలనము ప్రవేశపెట్టబడినది. ఈ నెల వాయిదా తప్పినచో ఆ వార్త ఎంతో కాలము దాగదు.

ఈ ప్రశ్న అన్యాయమని మేమనము. దానికి చరిత్ర యున్నది. జాన్ వాకర్ అను నౌకాదళాధికారి తెరచిన మద్యశాల నష్టములలో మునిగినది. 1967లో అతడు వాషింగ్టనులోని సోవియట్ రాయబార కార్యాలయమునకు నడచి పోయి సంకేతలిపి రహస్యములను అమ్మజూపెను. 1985లో పట్టుబడువరకు ఆ బేరము నడచినది. రొనాల్డ్ పెల్టన్ అనునతడు జాతీయ భద్రతా సంస్థలో పనిచేయుచు 1979లో దివాలా తీసెను. ఆ యేడే ఉద్యోగము వదలి, 1980 జనవరిలో అదే రాయబార కార్యాలయపు తలుపు తట్టెను. కాగితము లేవియు అతని చేతిలో లేవు. జ్ఞాపకముననున్న దానినే 35,000 డాలర్లకు అమ్ముకొనెను. సి.ఐ.ఏ. ఉద్యోగియగు ఆల్డ్రిచ్ ఏమ్స్ విడాకుల ఖర్చుతోడను, పెరిగిన అప్పులతోడను ఊపిరాడక 1985 ఏప్రిలులో మొదట 50,000 డాలర్లు కోరెను. అతని నోటినుండి వెలువడిన పేర్లు గల మనుష్యులు కొందరు సోవియట్ దేశమున తుపాకి గుండ్లకు బలియైరి. ఇట్టి చరిత్ర గల ప్రభుత్వము అప్పులను గురించి అడుగుట వింత కాదు.

కాని ఈ కథలను చివరివరకు చదువవలెను. ఏమ్స్ అప్పులలో నుండినది కొలదికాలమే. ద్రోహమారంభించిన తరువాత అతని అప్పులు తీరిపోయినవి. 5,40,000 డాలర్లు రొక్కముగా చెల్లించి ఇల్లు కొనెను. జాగ్వార్ కారులో కార్యాలయమునకు వచ్చెను. అప్పులవాని బాకీలను లెక్కించు కన్ను ఈ వైభవమును చూడలేదు. 1994 ఫిబ్రవరిలో పట్టుబడునాటికి అతడు పుచ్చుకొన్న ధనము 25 లక్షల డాలర్లకు మించినది. ఆ మరుసటి యేడు, 1995లో, అధ్యక్షుడు క్లింటన్ 12968వ సంఖ్య గల ఉత్తర్వును జారీచేసి కీలక పదవులలోనివారు తమ ఆర్థిక స్థితిని వెల్లడింపవలెనని విధించెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే యైనను, ఆ పాఠము మంచిదే. వాడు ద్రోహియైనది అప్పువలన మాత్రమే కాదు. అప్పు కోట్లాది గృహస్థులకు కలదు; వారు దేశమును అమ్ముకొనలేదు. అప్పును దాచి, దాచుటకొక అబద్ధమును, ఆ అబద్ధమును నిలుపుటకొక దొంగ సొమ్మును వెదకినవాడే అపాయకరుడు.

ఈ సంగతి సూత్రములు వ్రాసినవారికి తెలియకపోలేదు. 2016 డిసెంబరులో ప్రకటింపబడి 2017 జూను నుండి అమలులోనికి వచ్చిన నిర్ణయ సూత్రములు 13 కలవు. వానిలో ఆరవది, ‘ఎఫ్’ అను అక్షరము గలది, ధనవ్యవహారములకు సంబంధించినది. ఇన్ని డాలర్ల అప్పున్నవాడు అనర్హుడని అందెచ్చటను లేదు. దివాలా తీసిన ప్రతివాడును అనర్హుడనియు లేదు. తీర్పగలిగియు తీర్పని అప్పు, పన్ను ఎగవేత, మోసపు లెక్కలు, జూదము, లెక్క చెప్పలేని ఐశ్వర్యము, ఇవి దోషములుగా చెప్పబడినవి. ఉద్యోగము పోవుట, వ్యాపారము పడిపోవుట, అనుకోని జబ్బు, కుటుంబమున మరణము, విడాకులు, వడ్డీవ్యాపారుల వంచన, ఒకని పేరిట మరొకడు అప్పు తీసికొనుట, ఇట్టి తన చేతిలో లేని కారణములవలన అప్పుపడినవాడు బాధ్యతతో మెలగినచో ఆ దోషము సడలును. బాకీదారులతో ఒప్పందము చేసికొని వాయిదాలు కట్టువాడును, సలహాదారుని నాశ్రయించి గృహవ్యయమును సరిదిద్దుకొన్నవాడును, తనది కాని బాకీని కాగితములతో కాదనువాడును అనర్హులు కారు. మనిషిని ఒక్క తప్పునుబట్టి కాక మొత్తముగా తూచవలెనని ఆ సూత్రములే చెప్పుచున్నవి. దురదృష్టమునకును దుర్నీతికిని గల భేదమును గుర్తించిన శాసనమిది. వ్రాసిన మేరకు దీనిని మేము మెచ్చుకొనుచున్నాము.

శాసనము కాగితముమీద ఎంత దయగలదైనను, అది అప్పులవాని గుమ్మమునకు వచ్చునప్పటికి దాని ముఖము మారుచున్నది. మా అభ్యంతరమంతయు ఇచ్చటనే.

మొదటిది, నిరూపణ భారము. అప్పు ఉన్నదని ప్రభుత్వము చూపినచో, అది తన దోషమువలన కలుగలేదని చూపవలసిన భారము దరఖాస్తుదారునిపై పడును. సందేహము మిగిలినచో అది దేశభద్రత పక్షముననే తీరును. భద్రతానుమతి ఎవరికిని హక్కు కాదని ఆ దేశపు సుప్రీముకోర్టు 1988లో ఈగన్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. అంతకుముందు 1959లో గ్రీన్ అను ఇంజనీరు వ్యాజ్యమున, ఎదుటి సాక్షిని ప్రశ్నించు అవకాశమీయక కంట్రాక్టు కంపెనీ ఉద్యోగి జీవనోపాధిని తీసివేయు అధికారము అధికారులకు ఇయ్యబడలేదని అదే కోర్టు పలికినది. 1960లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఉత్తర్వు దానినుండియే పుట్టినది. దాని ఫలితముగ కంట్రాక్టు కంపెనీల ఉద్యోగికి నేడు కారణములు వ్రాతమూలముగ తెలుపుదురు. అతడు 20 దినములలో జవాబీయవలెను. కోరినచో న్యాయాధికారి ఎదుట విచారణ జరుగును. ప్రభుత్వ పక్షమున వకీలుండును. ఉద్యోగియు వకీలును పెట్టుకొనవచ్చును, కాని తన ఖర్చుమీదనే. అప్పులు తీర్పలేదన్న యారోపణకు జవాబు చెప్పుటకు మరియొక అప్పు చేయుమన్నట్లున్నది ఈ యేర్పాటు. వకీలు వృత్తిలోనున్న మాకు ఈ మాట వ్రాయుట సులభము కాదు, అయినను నిజమిది.

ఇంతలో అనుమతి నిలిపివేయబడినవాని స్థితి యేమి? అనుమతి లేనిదే పని లేదు. పని లేనిదే జీతము లేదు. జీతము లేనిదే వాయిదా కట్టుట లేదు. వాయిదా కట్టనిదే అనుమతి రాదు. గానుగెద్దు తిరిగినట్లు ఆ కుటుంబము ఆ చక్రములోనే తిరుగుచుండును. నెలలు గడచిన కొలది అప్పు పెరుగును, దానితో ఆరోపణయు పెరుగును.

రెండవది, ప్రభుత్వమే అప్పునకు కారణమైన సందర్భము. 2018 డిసెంబరు 22 మొదలు 2019 జనవరి 25 వరకు, 35 దినములు, శాసనసభకును అధ్యక్షునకును బడ్జెటుపై పొత్తు కుదరక ఫెడరల్ ప్రభుత్వపు పెక్కు శాఖలు స్తంభించినవి. ఇంచుమించు 8 లక్షల ఉద్యోగులకు జీతములు ఆగినవి. వారిలో కొందరు ఇంటికి పంపబడిరి. మిగిలినవారు జీతము లేకయే పనిచేసిరి. వాయిదాలు తప్పినచో తమ భద్రతానుమతులకే ముప్పు రాగలదని ఎఫ్.బి.ఐ. ఏజెంట్ల సంఘము నాడే హెచ్చరించినది. 2025 అక్టోబరు 1 నుండి నవంబరు 12 వరకు, 43 దినములు, మరల అదే నాటకము జరిగినది. ఆగిన జీతమును తరువాత చెల్లింపవలెనని 2019లో శాసనము చేసిరి. మంచిదే. కాని ఇంటి అద్దె ఆ శాసనము కొరకు ఆగునా? కంట్రాక్టు కంపెనీల కూలివానికి ఆ శాసనపు రక్షణయైనను లేదు. జీతమాపినవాడే వచ్చి, వాయిదా ఏల తప్పితివని అడుగుట ఏ ధర్మశాస్త్రమున నున్నదో మాకు తెలియదు.

మూడవది, ప్రభుత్వము తాను కోరిన విశ్వాసమును తాను నిలుపుకొన్నదా యను ప్రశ్న. ఒక ఉద్యోగి అప్పులు, రోగములు, సంసారపు కలతలు శత్రువునకు తెలిసినచో అతనిని లొంగదీయవచ్చునని చెప్పి కదా ఈ వివరములన్నియు వ్రాయించుకొనుచున్నారు! ఆ వివరములు గల ప్రభుత్వ సిబ్బంది కార్యాలయపు దస్త్రములు దొంగిలింపబడినట్లు 2015లో బయటపడినది. 2 కోట్ల 15 లక్షల మంది సమాచారము పోయినది. శత్రువునకు తెలియరాదని ప్రజలచే చెప్పించుకొన్నదంతయు ఒక్క చోట కుప్పపోసి, తలుపు తెరచియుంచిరి. ఆ కార్యాలయాధిపతి రాజీనామా చేసెను. బాకీ వాయిదా తప్పిన గుమాస్తాను అజాగ్రత్తపరుడని తూలనాడుటకు ముందు, ఈ అజాగ్రత్తను తలచుకొనుట మేలు.

నాల్గవది, తక్కెడ అందరికి ఒక్కటియేనా? అధ్యక్షునికిని, శాసనసభ్యులకును ఈ పరీక్ష లేదు. ప్రజలు ఎన్నుకొనుటయే వారి అర్హత. అది ప్రజాస్వామ్య ధర్మమే కాబోలు. కాని వారి పరివారమునకు పరీక్ష కలదు. 2019లో శ్వేతభవనపు భద్రతా విభాగమున పనిచేయు ఒక యధికారిణి ప్రతినిధిసభా సంఘము ఎదుట చెప్పిన మాటలు లోకమునకు తెలిసినవే. అనుమతి ఈయరాదని తామును, తోడి యధికారులును నిర్ణయించిన 25 మంది విషయమున పైవారు ఆ నిర్ణయమును త్రోసివేసిరని ఆమె చెప్పెను. ఆ తిరస్కారములకు చెప్పిన కారణములలో ఆర్థిక చిక్కులును ఒకటి. రేవులోని కూలివానికి కత్తియైన సూత్రము రాజభవనపు గుమ్మమున తలవంచినచో, దానిని దేశభద్రత యని ఎట్లు పిలుతుము?

ఇక చేయవలసినదేమి? అప్పులను గురించి అడుగరాదని మా మతము కాదు. అడిగిన ప్రభుత్వము ముందుగా చేయిచ్చుట నేర్చుకొనవలెను. అది ఆ దేశమునకు చేతకాని పని కాదు. సైనికులు వడ్డీ దుకాణముల వాతబడి అప్పులలో కూరుకొని, దానివలన భద్రతానుమతులు సైతము పోగొట్టుకొనుచుండగా, 2006లో ఒక శాసనము చేసి, సైనికులకిచ్చు పెక్కు రకముల అప్పులపై ఏడాదికి నూటికి 36కు మించి వడ్డీ తీయరాదని కట్టడి చేసిరి. సైనికుని దండించుటకు మారుగా అతనిని పీల్చువానికి కళ్ళెము వేసిరి. ఆ బుద్ధి ఇచ్చటను ప్రసరింపవలెను. ప్రభుత్వమే జీతమాపిన కాలమున తప్పిన వాయిదాలను ఉద్యోగి దోషముగ లెక్కింపరాదని సూత్రములో స్పష్టముగ వ్రాయవలెను. విచారణకు గడువు పెట్టవలెను. వకీలును పెట్టుకొనలేనివానికి వకీలును సమకూర్పవలెను. చిక్కు మొదలైననాడే వచ్చి చెప్పినవానికి శిక్ష బదులు సలహా దొరకవలెను. ఏలయన, చెప్పినచో పొట్టకొట్టుదురన్న భయముగలవాడు దాచును. దాచినవానినే శత్రువు వెదకుచుండును. భయపెట్టు విధానము తాను నివారింపదలచిన ముప్పునే పెంచును.

ఈ మాటలు వ్రాయుచు మనము మన ముంగిటిని మరువరాదు. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమములలో 17వది ఇదే భాష మాటలాడుచున్నది. ప్రభుత్వోద్యోగి నిత్యరుణగ్రస్తుడు కాకుండ, దివాలా తీయకుండ తన గృహవ్యవహారములు నడుపుకొనవలెను. బాకీ రాబట్టుటకు దావా పడినచో పైయధికారికి వెంటనే తెలుపవలెను. దుబారావలన కాక, తన చేతిలో లేని కారణమువలన అప్పు కలిగినదని నిరూపించు భారము ఇచ్చటను ఉద్యోగిదే. ఆడపిల్ల పెండ్లికి, ఆసుపత్రి ఖర్చునకు, పిల్లవాని చదువునకు అప్పు చేయని గుమాస్తా మన పట్టణములలో ఎందరు? వారి దుఃఖమును దుబారా యనుటకు ముందు మన యధికారులును నెమ్మదిగా ఆలోచింపవలెను.

చివరగా, ఆ దేశమున ఈ యుద్యోగముల నాశించు మన యువకులకు రెండు మాటలు. మనలో స్నేహితుని అప్పునకు సంతకము పెట్టుట మర్యాదగా చెల్లుచున్నది. కాదనినచో మొగమాటము. ఆ సంతకము మన పేరిట బాకీయే యని 26వ ప్రకరణము చెప్పుచున్నది. స్నేహితుడు తప్పిన వాయిదాకు జవాబు మీరు చెప్పవలెను. చదువునకై ఇచ్చట తండ్రి పొలము తాకట్టుపెట్టి తెచ్చిన అప్పును, ఇచ్చట మీ పేరిట నున్న ఇల్లు, స్థలమును సముద్రమునకు ఈవల నున్నవి కదా యని మరువరాదు. విదేశములలోని ఆస్తిని గురించి ఆ ఫారములో వేరుగ ప్రశ్నలున్నవి. పన్ను లెక్కలు వేళకు దాఖలు చేయుడు. చెల్లించిన ప్రతి వాయిదాకు రసీదు దాచుడు. కష్టము వచ్చిననాడు బాకీదారునికి ముందుగ మీరే ఉత్తరము వ్రాయుడు. అన్నిటికంటె ముఖ్యముగ, అడిగినది దాచకుడు. తెలిసి అబద్ధము వ్రాసినచో ఐదేండ్ల వరకు చెరసాల విధింపదగిన నేరము. దానికితోడు సత్యవర్తనమును గురించిన మరియొక సూత్రము మీ మెడకు చుట్టుకొనును. అప్పునకు క్షమ దొరకుట కలదు. అబద్ధమునకు దొరకుట అరుదు.

పేదరికమును ద్రోహముగ చూచు రాజ్యము తన యోగ్యులైన సేవకులను పోగొట్టుకొనును. ద్రోహియేమో నిండు జేబుతో, శుభ్రమైన క్రెడిట్ రిపోర్టుతో లోపలికి వచ్చును. ఏమ్స్ కథ చెప్పినది ఇదియే. ఆ పాఠమును వాషింగ్టనులోని యధికారులు సూత్రములలో వ్రాసికొన్నారు. దానిని తీర్పులలో ఆచరింతురా యనునదే మిగిలిన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు ఒక వాయిదా తప్పిన సామాన్య ఉద్యోగికి వారు రేపు పంపబోవు కాగితములో నుండును.